ఉద్యోగం కూడా ఒక బేరమే
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం, 2025 సందర్భంగా యువత సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మైకు ముందు నిలబడింది ఒకరే అయినా ఈ మాటలు మా అందరివీ. పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి వెళ్ళి విశాఖలో, హైదరాబాద్‌లో, బెంగళూరులో అమ్మకాల పనుల్లో ఉన్నవాళ్ళం కొందరం కలిసి కూర్చుని రాసుకొచ్చిన మాటలివి. ఈ మధ్య డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, స్టార్టప్‌లో సేల్స్ ఉద్యోగం వచ్చింది. సోమవారం లోపు చెప్పమంటున్నారు. చేరిపోనా?"

ఈ ప్రశ్నకు "చేరు" అనీ చెప్పలేం, "వద్దు" అనీ చెప్పలేం. మంచి ఉద్యోగాలున్నాయి, ముంచే ఉద్యోగాలూ ఉన్నాయి. రెండింటి ఆఫర్ లెటర్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి. వాటిని విడదీసి చూడటం ఎలాగో చెప్పడమే ఈ రోజు మా పని.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. ఇంటర్వ్యూలో వాళ్ళు మనల్ని పరీక్షిస్తున్నారని మనం భయపడుతూ కూర్చుంటాం. నిజానికి అదే గదిలో వాళ్ళు కూడా మనకు ఒకటి అమ్ముతున్నారు. ఆ ఉద్యోగాన్నే అమ్ముతున్నారు. మన రెండేళ్ళ వయసు పెట్టి దాన్ని మనం కొనుక్కుంటున్నాం. సంతలో మన అమ్మలు ఏం చేస్తారు? బుట్ట పైన ఉన్న చింతపండు చూసి ధర ఒప్పుకోరు. అడుగుకి చెయ్యి పోనిచ్చి, పిడికెడు తీసి, పిసికి చూస్తారు. అలా చూసినందుకు ఏ వ్యాపారీ తప్పుపట్టడు. తప్పుపట్టాడంటే అడుగున ఏదో ఉన్నట్టే లెక్క.

మొదట ఎవరు అమ్మారు?

స్టార్టప్ అంటే కొత్తగా పెట్టిన కంపెనీ. పాత కంపెనీలో సబ్బులో బిస్కెట్లో అమ్మే ఉద్యోగానికి వెళితే సరుకు పేరు జనానికి తెలుసు, ధర ఖరారై ఉంటుంది, తిరగాల్సిన ఏరియా రాసి ఇస్తారు. కొత్త కంపెనీలో ఇవేవీ తేలి ఉండవు. ఎవరు కొంటారు, ఎంతకి కొంటారు, ఏం చెబితే కొంటారు అన్నది మొదట చేరిన సేల్స్ మనుషులే కనిపెట్టాలి. అందుకే ఇందులో నేర్చుకునేది ఎక్కువ. చిక్కు కూడా అక్కడే ఉంది. మూడు నెలలు తిరిగినా అమ్మకం కాలేదనుకోండి, అది సరుకు లోపమా, మన లోపమా? పాత కంపెనీలో పక్కవాడి లెక్క చూస్తే తేలిపోతుంది. కొత్త కంపెనీలో పక్కవాడే ఉండడు. అప్పుడు నింద అమ్మేవాడి మీదకే వస్తుంది.

కాబట్టి జీతం గురించి అడగకముందే అడగాల్సిన ప్రశ్నలు నాలుగున్నాయి.

ఒకటి, ఈ రోజుకు డబ్బు కట్టి వాడుతున్నవాళ్ళు ఎంతమంది? ఉచితంగా వాడి చూస్తున్నవాళ్ళు, యాప్ దించుకుని వదిలేసినవాళ్ళు ఈ లెక్కలోకి రారు.

రెండు, వాళ్ళలో కంపెనీ పెట్టినవాళ్ళకు ముందే తెలిసినవాళ్ళు ఎంతమంది? స్నేహితులు, చుట్టాలు, పాత ఆఫీసు మనుషులు మొహమాటానికి కొంటారు. మనం వెళ్ళి తలుపు తట్టేది ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇంట్లో.

మూడు, ఒకసారి కొన్నవాళ్ళు గడువు తీరాక మళ్ళీ డబ్బు కట్టారా? మొదటిసారి మాటకు కొంటారు, రెండోసారి సరుకును చూసి కొంటారు.

నాలుగు, ఈ కుర్చీలో నాకంటే ముందు ఎవరున్నారు? ఎందుకు మానేశారు? ఏడాదిలో ముగ్గురు మారిన కుర్చీ అయితే, ఆ ముగ్గురూ చేతకానివాళ్ళే అయి ఉండరు.

ఫౌండర్ తానే తిరిగి పది మందికో ఇరవై మందికో అమ్మి, "ఇక నా ఒక్కడి వల్ల కావడం లేదు, మనుషులు కావాలి" అంటే అది మంచి గుర్తు. ఆయన మాట్లాడిన మాటే మనం నేర్చుకోవచ్చు. "మాకు టెక్నాలజీ తెలుసు, అమ్మకం తెలియదు, అది మీరే చూసుకోవాలి" అంటే, కొనేవాళ్ళు ఉన్నారో లేరో వెతికే పని మన నెత్తిన పెడుతున్నారని అర్థం. ఆ పని కూడా చేయవచ్చు. కానీ వెతికే పనికి నికరమైన జీతం ఇవ్వాలి, ఆరు నెలలైనా గడువు ఇవ్వాలి. కమీషన్ మీద బతుకుతూ చేసే పని కాదది.

నికర జీతమే జీతం

ఇప్పుడు డబ్బు సంగతి. ఆఫర్ లెటర్‌లో పెద్ద అక్షరాలతో సీటీసీ అని ఒక అంకె ఉంటుంది. ఉదాహరణకు ఏడాదికి 4,20,000 అని రాశారనుకుందాం. ఇంట్లో వాళ్ళు పన్నెండుతో భాగించి నెలకు 35,000 అని సంబరపడతారు. లోపలి పేజీ తిప్పితే నికర జీతం నెలకు 15,000 అని, అంటే ఏడాదికి 1,80,000 అని ఉంటుంది. మిగతా 2,40,000 ఇన్సెంటివ్. టార్గెట్ పూర్తయితేనే అది వస్తుంది. ఆ 15,000 లోనూ పీఎఫ్ కోతలుంటే చేతికి వచ్చేది ఇంకా తగ్గుతుంది.

టార్గెట్ సాధ్యమో కాదో ఆ గదిలోనే లెక్కగట్టవచ్చు. సరుకు ధర 12,000 అనుకోండి. నెల టార్గెట్ 2 లక్షలు. అంటే నెలకు 17 అమ్మకాలు కావాలి. కలిసిన ఇరవై మందిలో ఒకరు కొంటారనుకుంటే 340 మందిని కలవాలి. పని దినాలు 25 అయితే రోజుకు పదమూడు పద్నాలుగు మంది. బండి మీద వీధులు తిరుగుతూ రోజుకు పద్నాలుగు మందితో కూర్చుని మాట్లాడగలమా? ఫోన్ మీదైతే ఆ నంబర్లు కంపెనీ ఇస్తుందా, మనమే తెచ్చుకోవాలా? ఇరవై మందికి ఒకరు కొంటున్నారని వాళ్ళు ఏ లెక్క చూసి చెబుతున్నారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని మేనేజర్ ఆ టార్గెట్‌ను గాల్లోంచి తెచ్చినట్టే.

ఇంకా అడగండి. గత మూడు నెలల్లో టార్గెట్ అందుకున్నవాళ్ళు టీములో ఎంతమంది? అమ్మకం అయినట్టు ఎప్పుడు లెక్కేస్తారు, ఆర్డర్ వచ్చినప్పుడా, డబ్బు జమైనప్పుడా? కొన్నవాళ్ళు వెనక్కి ఇచ్చేస్తే మన ఇన్సెంటివ్ కూడా తిరిగి కోస్తారా? ఇన్సెంటివ్ ఏ నెలది ఏ నెలలో పడుతుంది? మధ్యలో మానేస్తే అప్పటిదాకా సంపాదించింది ఇస్తారా? పెట్రోలు, ఫోన్, బస్సు చార్జీలు ఎవరివి?

మేము పాటించే పద్ధతి ఒకటే. ఇన్సెంటివ్ సున్నా అనుకుని ఉద్యోగాన్ని తూకం వేయాలి. నికర జీతంతో గది అద్దె, తిండి, ప్రయాణం గడిచి, ఎంతో కొంత చేతిలో మిగిలితే ఆలోచించండి. గడవకపోతే ప్రతి నెలా ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవాలి. ఆ డబ్బు ఎక్కడిది? కాఫీ గింజలు అమ్మినది, మిరియాలు అమ్మినది, లేదంటే మేకను అమ్మినది. అప్పుడు ఆ కంపెనీకి పెట్టుబడి పెడుతున్నది మీ అమ్మానాన్నలు. పెట్టుబడి పెట్టినవాళ్ళకు వాటా ఉంటుంది. మీ అమ్మానాన్నలకు ఆ కాగితంలో వాటా ఏమీ రాయరు.

వాటా అంటే గుర్తొచ్చింది. జీతం తక్కువైనా షేర్లు ఇస్తాం అంటారు. దాన్ని ఈసాప్ అంటారు. 2010లో చెన్నైలో మొదలైన ఫ్రెష్‌వర్క్స్ 2021 సెప్టెంబరులో అమెరికా నాస్‌డాక్‌లో నమోదైనప్పుడు, తమ ఉద్యోగులు 500 మందికి పైగా కోటీశ్వరులయ్యారని వ్యవస్థాపకుడు గిరీశ్ మాతృభూతం చెప్పారు. ఇది నిజంగా జరిగిందే. కానీ ఈసాప్ అంటే చేతికిచ్చిన షేరు కాదు, ఫలానా ధరకు తర్వాత కొనుక్కునే హక్కు. ఇచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది గడవనిదే ఆ హక్కు మన చేతికి రాదని కంపెనీల చట్టం కింది నిబంధనలే చెబుతున్నాయి. చాలాచోట్ల మొత్తం చేతికి రావడానికి నాలుగేళ్ళు పడుతుంది. ఆ లోపు మానేస్తే మిగిలినది పోతుంది. కంపెనీ మూతపడితే మొత్తం పోతుంది. దాన్ని లాటరీ టికెట్టులా దాచుకోవచ్చు గానీ, దాన్ని చూసి గది అద్దె ఒప్పుకోకూడదు.

కాగితం చదవడం మనకు కొత్త కాదు

చదవని కాగితాల మీద వేలిముద్రలు వేసి మన తాతలు ఎంత భూమి పోగొట్టుకున్నారో ఇక్కడ కూర్చున్న పెద్దలకు తెలుసు. 1/70 చట్టం ఎందుకు వచ్చిందో మీకూ తెలుసు. వేలిముద్ర పోయి ఇప్పుడు ఫోన్‌లో ఓటీపీ వచ్చింది. నొక్కేముందు చదవాలన్న నియమం మాత్రం మారలేదు.

కాగితం మీద ఉన్న కంపెనీ పేరును కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి. ఎప్పుడు రిజిస్టరైంది, చిరునామా ఏది, నడుస్తోందా మూతపడిందా అన్నది అక్కడ తెలుస్తుంది. యాప్ పేరు ఒకటి, కంపెనీ పేరు మరొకటి ఉండవచ్చు. జీతం ఇచ్చే కంపెనీ ఏదో అడిగి రాసుకోండి. "మాకు స్టార్టప్ ఇండియా గుర్తింపు ఉంది" అంటారు. 2016 జనవరిలో మొదలైన ఆ పథకం కింద వచ్చే గుర్తింపు పన్ను రాయితీల వంటి వాటికి పనికొస్తుంది. మీ జీతానికి అది హామీ కాదు.

మీ హోదా ఏమని రాశారో చూడండి. "ఉద్యోగి" అని రాశారా, "కన్సల్టెంట్" అనో "ఫ్రీలాన్సర్" అనో రాశారా? రెండో రకమైతే పీఎఫ్, ఈఎస్ఐ ఆశించకండి. ఇరవై మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థకు పీఎఫ్ వర్తిస్తుంది. మామూలుగా మన వాటా 12 శాతం, సంస్థ వాటా 12 శాతం. కొన్ని కంపెనీలు సంస్థ వాటాను కూడా మన సీటీసీలోనే కలిపి చూపిస్తాయి. ఈఎస్ఐకి మన నుంచి 0.75 శాతం, సంస్థ నుంచి 3.25 శాతం వెళ్తుంది. రోజంతా బండి మీద తిరిగే ఉద్యోగానికి ఆసుపత్రి ఖర్చు ఎవరిదన్నది చిన్న ప్రశ్న కాదు. ఆరేడుగురే ఉన్న కంపెనీకి ఇవి వర్తించకపోవచ్చు. అప్పుడు, "బీమా ఏదైనా చేయిస్తారా?" అని అడగండి.

మూడు పనులు మాత్రం ఎవరు అడిగినా చేయకండి. ఉద్యోగం కోసం డిపాజిట్ అనీ, ట్రైనింగ్ ఫీజు అనీ డబ్బు కట్టకండి. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి రాకండి. పదో తరగతి మార్కుల మెమో, డిగ్రీ, ఎస్టీ సర్టిఫికెట్ చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, మళ్ళీ మీ సంచిలో పెట్టుకోండి. రేపు డీఎస్సీయో గ్రూప్స్ నోటిఫికేషనో వస్తే ఆ కాగితాలు బెంగళూరులో తాళం వేసిన ఆఫీసు బీరువాలో ఉండకూడదు. ఫలానా కాలం లోపు మానేస్తే ఇంత కట్టాలని బాండు ఉంటే, ఎంత కాలం, ఎంత డబ్బు అన్నది తెలియకుండా సంతకం పెట్టకండి.

కంపెనీ చేతిలో డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందో కూడా అడగవచ్చు. సూటిగా చెప్పకపోతే ఇంకో దారి ఉంది. అక్కడ పనిచేస్తున్నవాళ్ళతో కింద టీ కొట్టు దగ్గర మాట్లాడండి. "గత ఆరు నెలలుగా జీతం ఏ తేదీన పడుతోంది?" అని అడగండి. ఒకటో తేదీ కాస్తా పదో తేదీకి, పదో తేదీ ఇరవైకి జరుగుతోందంటే జవాబు దొరికినట్టే. పెద్ద పేరు చూసి ఈ ప్రశ్న మానేయకండి. ఒకప్పుడు దేశంలోకెల్లా విలువైన స్టార్టప్‌గా పేరుపడిన బైజూస్ 2022 అక్టోబరులో సుమారు 2,500 మంది ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది. 2024 జులైలో దాని మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది.

ఎవరికి అమ్మమంటున్నారు?

ఇది మేము అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకున్న విషయం. పెద్దలు కూడా వినాలి.

ఈ రోజు కంపెనీలకు మన ఏజెన్సీ గ్రామాలు కొత్త బజారు. అక్కడికి వెళ్ళడానికి వాళ్ళకు దారి తెలియదు, మాట రాదు. కువి మాట్లాడగలిగే, ఆదివాసీ ఒడియా మాట్లాడగలిగే, ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసిన పిల్లలు కావాలి. అందుకని మీ దగ్గరకు వస్తారు. మంచి సరుకైతే అంతకంటే ఏం కావాలి? మిరియాలు ఆరబెట్టే పరికరమో, మోసం లేని తూకం మిషనో, కాఫీకి నాలుగు రూపాయలు ఎక్కువ ధర తెచ్చే ఏర్పాటో అయితే గర్వంగా అమ్మండి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన పంటను ప్రపంచానికి అమ్మే పనిలో మన పిల్లలే ముందుండాలని మేమూ కోరుకుంటాం.

కానీ అప్పు ఇచ్చే యాప్‌లు, రెట్టింపు చేస్తామనే డిపాజిట్లు, మనిషి కింద మనిషిని చేర్పించే గొలుసు వ్యాపారాలు కూడా సేల్స్ ఉద్యోగం పేరుతోనే వస్తాయి. పిల్లల కోచింగ్‌కు వాయిదాల మీద కట్టవచ్చని చెప్పి, తండ్రి పేరున ఫైనాన్స్ కంపెనీ అప్పు రాయించే ఉద్యోగాలున్నాయి. తండ్రి ఫీజు కడుతున్నాననుకుంటాడు. చదువు మధ్యలో ఆగినా అప్పు ఆగదు.

వీటికి చట్టాలున్నాయి. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలు చేరడానికి రుసుము తీసుకోరాదని, గొలుసు పథకాలు నడపరాదని 2021 నాటి నిబంధనలు చెబుతున్నాయి. యాప్ ద్వారా అప్పిచ్చినా వెనక బ్యాంకో, రిజర్వు బ్యాంకులో నమోదైన ఫైనాన్స్ కంపెనీయో ఉండాలి. అప్పు మొత్తం ఖర్చు, వడ్డీ అన్నీ కలిపి ఎంతో ఒక కాగితంలో ముందే చూపించాలి. మీరు చేరబోయే కంపెనీ ఆ కాగితం చూపించగలదా? ఆ బ్యాంకు పేరు చెప్పగలదా?

చట్టం కంటే దగ్గరి పరీక్ష ఇంకోటి ఉంది. ఈ సరుకును, ఈ ధరకు, లోపలి సంగతి అంతా విప్పి చెప్పి మీ పిన్నికి అమ్మగలరా? అమ్మిన ఏడాదికి ఇటుకల పండక్కి ఊరికి వచ్చి అదే పిన్ని ఇంట్లో కూర్చుని అన్నం తినగలరా? తినగలరంటే ఆ ఉద్యోగం మంచిదే. లేదంటే జీతం ఎంతైనా వదిలేయండి. కంపెనీ మూతపడితే ఫౌండర్ ఇంకో ఊళ్ళో ఇంకో కంపెనీ పెట్టుకుంటాడు. బాధపడినవాళ్ళు అతని ఇంటికి వెళ్ళలేరు, మీ ఇంటికి వస్తారు. రంగురంగుల పుస్తకం చూసి ఎవరూ డబ్బు కట్టలేదు. మీ నాన్న పేరు చూసి కట్టారు. ఆ పేరు పోతే ఏ ఇన్సెంటివూ తిరిగి తేలేదు.

అడిగే తీరు

ఇవన్నీ అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయం ఉంటుంది. మర్యాదగా అడిగితే పోదు. "సార్, నాకు ఈ పని ఇష్టం. చేరే ముందు కొన్ని విషయాలు తెలుసుకుంటే బాగా చేయగలను. ఇప్పుడు వాడుతున్న ఇద్దరు కస్టమర్లతో మాట్లాడనిస్తారా? ఒక రోజు మీ టీముతో కలిసి తిరిగి చూడనిస్తారా?" ఇలా అడిగే కుర్రాడు రేపు కస్టమర్ దగ్గర కూడా ఇలాగే అడుగుతాడని తెలివైన ఫౌండర్ గ్రహిస్తాడు. అడిగినందుకే కోప్పడి, "ఈ రోజే సంతకం పెట్టకపోతే వేరేవాళ్ళకిస్తాం" అన్నాడంటే, ఆయన దగ్గర పనిచేస్తే రోజూ ఎలా ఉంటుందో ముందే చూసినట్టు. ఒప్పుకున్న ప్రతి మాటనూ మెయిల్‌లో రాసి పంపమనండి. నోటి మాట మేనేజర్ మారితే మారిపోతుంది.

చేరాలనుకున్నవాళ్ళు ఒక గడువు పెట్టుకుని చేరండి. ఆరు నెలల్లో నికర జీతం ఆగకుండా వచ్చిందా, సరుకు కొన్నవాళ్ళు మళ్ళీ కొన్నారా, కొత్తగా ఏం నేర్చుకున్నాం? ఈ మూడూ చూసుకుని ఉండాలో మానాలో నిర్ణయించుకోండి. ఈలోగా పోటీ పరీక్షల దరఖాస్తులు వదలకండి.

భయపెట్టడానికి ఇవన్నీ చెప్పలేదు. మంచి చోట పడితే ఈ ఉద్యోగం ఇచ్చేది ఎక్కువే. ఏడాది తిరిగేసరికి ఎవరితోనైనా తడబడకుండా మాట్లాడతారు, లెక్క కడతారు, కంపెనీ నడిచే తీరు మొత్తం కళ్ళారా చూస్తారు. మొదట చేరినవాళ్ళే రేపు పదిమందికి నేర్పేవాళ్ళవుతారు. రెండు మూడు భాషలు, ఎండలో నడిచే ఓపిక, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వినే అలవాటు మనకు ఇంట్లోనే వచ్చాయి. అమ్మకానికి కావాల్సిన సొత్తు అదే. దాన్ని తక్కువకు ఇచ్చేయకండి.

చివరిగా ఒక్క పని చేయండి. సంతకం పెట్టే ముందు రాత్రి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మన మాటల్లో చెప్పండి. నేను అమ్మేది ఇది, కొనేవాళ్ళు వీళ్ళు, నెలకు కచ్చితంగా వచ్చేది ఇంత, ఆఫీసు ఫలానా చోట, ఏదైనా అయితే ఫోన్ చేయాల్సింది ఫలానా వాళ్ళకి. అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకూ అర్థమైనట్టే. చెబుతూ ఎక్కడ తడబడ్డారో అక్కడే అడగాల్సిన ప్రశ్న మిగిలి ఉంది. ఆ కాగితం మన సంఘంలో ఎవరికి చూపించినా సరే, మేము కూర్చుని మీతో కలిసి చదువుతాం. సంతకం పెట్టాక కాదు, పెట్టకముందు తీసుకురండి.

 జై ఆదివాసీ.